తల్లి పేరు తెలియని కొమ్మకు లక్షలా?

డ్రాగన్ ఫ్రూట్ మొక్కలు కొనే ముందు నాగజెముడు చరిత్ర ఒకసారి తెలుసుకోవాలి

మన పెద్దలు గట్ల మీద నుంచి నరికి, ఎండబెట్టి, తగలబెట్టిన ముళ్లచెట్టు నాగజెముడు. దాని చుట్టమే ఇప్పుడు డబ్బులిచ్చి కొనుక్కొచ్చి, సిమెంటు స్తంభం పాతి, డ్రిప్పు పెట్టి మరీ పెంచుతున్నాం. డ్రాగన్ ఫ్రూట్ కూడా జెముడు కుటుంబంలోదే. గత పది పన్నెండేళ్లలో ఈ పంట తెలుగు జిల్లాల్లోకి బాగా వచ్చింది. బెజవాడ, గుంటూరు పండ్ల బండ్ల మీద ఎర్రగా నిగనిగలాడుతూ కనిపిస్తోంది. 2021లో గుజరాత్ ప్రభుత్వం దీనికి 'కమలం' అని పేరు కూడా పెట్టింది. పంట మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. ఇప్పుడు చెప్పదలచుకున్నది మొక్క గురించి.

మొక్కలమ్మేవాళ్ల దగ్గరికి వెళ్తే పేర్లకు కొదవ లేదు. జంబో రెడ్, సియామ్ రెడ్, మొరాకన్ రెడ్, తైవాన్ పింక్, అమెరికన్ బ్యూటీ, వియత్నాం వైట్. ప్రతి పేరు పక్కనా 'హైబ్రిడ్' అన్న మాట ఒకటి. ఆ మాట తగిలిస్తే మొక్క రేటు పెరుగుతుంది. అయితే ఆ హైబ్రిడ్‌కు తల్లి ఏది, తండ్రి ఏది, దాని పుప్పొడితో దానికే కాయ పడుతుందా లేదా అన్న నాలుగు ముక్కలు రాసిన కాగితం మాత్రం రైతు చేతికి రావడం లేదు. అది అడిగే అలవాటు మనకూ లేదు. సన్నకారు రైతు ఈ పంటలో దెబ్బతింటే ఎక్కువగా ఇక్కడే తింటాడని నా అభిప్రాయం.

ఎందుకంటే ఇది మిర్చి విత్తనం కాదు, ఈ ఏడు పోతే వచ్చే ఏడు మార్చుకోవడానికి. మనిషికి మనిషికి మూడు మీటర్ల దూరంలో స్తంభాలు పాతితే ఎకరాకు 450 వరకు పడతాయి. స్తంభానికి నాలుగు మొక్కల చొప్పున 1,800 మొక్కలు. మొక్కకు పది రూపాయలు ఎక్కువిస్తే ఎకరాకు 18 వేలు అదనం. స్తంభాలు, పైన చక్రాలు, డ్రిప్పు, ఎరువు, కూలి కలిపితే లెక్క లక్షల్లోకి పోతుంది. ఇరవై ఏళ్లు ఉంచుకుందామనుకుని పెట్టే తోట ఇది. మొక్క తప్పయితే తెలిసేది రెండో ఏడో, మూడో ఏడో. అప్పటికి అప్పు మిత్తి కూడా పూతకొస్తుంది.

జెముళ్లన్నీ ఒకటి కావు

ముందు కుటుంబం సంగతి తెలియాలి. మన పల్లెల్లో ముల్లుండి, ఆకు లేకుండా, పచ్చగా బలిసిన ప్రతిదాన్నీ జెముడనే అంటాం. నాగజెముడు, బొంతజెముడు, కాడజెముడు ఇలా. కానీ ఇవన్నీ ఒక ఇంటివి కావు. కత్తితో గాటు పెట్టి చూడండి. తెల్లటి పాలు కారితే అది వేరే కుటుంబం. బొంతజెముడు, కాడజెముడు ఆ పాలజాతివి. పాలు రాకుండా జిగురు నీరు వస్తే, ముళ్లు చిన్న దిండులాంటి మచ్చలోంచి గుత్తిగా లేస్తే అది అసలు కాక్టస్ కుటుంబం. నాగజెముడు, డ్రాగన్ ఫ్రూట్ ఈ రెండో ఇంటివి.

రెండు కుటుంబాలూ చూపుకు ఒకేలా ఎందుకున్నాయంటే, రెండింటికీ వచ్చిన కష్టం ఒకటే కనుక. నీరు లేని చోట బతకాలి. ఆకులుంటే నీరు ఆవిరైపోతుంది కాబట్టి ఆకు వదిలేశాయి. కాండమే పచ్చబడి ఆకు పని చేస్తోంది. మనం మట్ట అని పిలిచే నాగజెముడు బల్లపరుపు భాగం ఆకు కాదు, కాండమే. పగలు ఎండలో తలుపులు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకునే పద్ధతి కూడా అలా వచ్చిందే. ఒకే రకం కష్టం రెండు వేర్వేరు వంశాలను ఒకే రూపానికి తెచ్చింది. అందుకే పైకి చూసి చుట్టరికం కలపకూడదు. మొక్కల వ్యాపారంలోనూ ఇదే సూత్రం.

అసలు కాక్టస్‌లు పుట్టింది అమెరికా ఖండాల్లో. ఒక్క సన్న తీగజాతి మాత్రం ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ సహజంగా కనిపిస్తుంది. మిగతావన్నీ కొలంబస్ 1492లో అటు వెళ్లి వచ్చిన తర్వాత ఓడలెక్కి ప్రపంచానికి పాకినవే. అంటే మన నాగజెముడు కూడా పరదేశీ మొక్కే. ఇక మొరాకన్ రెడ్ అన్న పేరు చూడండి. మొరాకో ఉన్నది ఆఫ్రికాలో. డ్రాగన్ ఫ్రూట్ పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా వైపు. అక్కడినుంచి పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచివాళ్ల ద్వారా వియత్నాం చేరింది. పేరులో ఊరుంటే ఆ ఊరి మొక్క అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

సంబంధాలు తేలిగ్గా కలిసే వంశం

శాస్త్రజ్ఞుల లెక్కలో ఈ వంశం వయసు సుమారు మూడున్నర కోట్ల ఏళ్లు. కానీ ఇప్పుడున్న 1,500 పైచిలుకు జాతుల్లో చాలా భాగం గత కోటి ఏళ్లలో విడిపోయినవే. మనకు కోటి ఏళ్లంటే ఊహకందదు గానీ, మొక్కల చరిత్రలో అది నిన్నటి మాట. అన్నదమ్ములు వేరుపడ్డారు గానీ మధ్య గోడ ఇంకా గట్టిపడలేదన్నమాట. గబ్బిలమో, రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగో ఒక జాతి పుప్పొడి తెచ్చి ఇంకో జాతి పూవులో వేస్తే చాలాసార్లు గింజ పడుతుంది. ఆ గింజ మొలిస్తే సంకరం. అందులో బతకగలిగినవి నిలదొక్కుకుంటాయి. కొన్నాళ్లకు అదే కొత్త జాతి అవుతుంది.

ఇంకో చిత్రం కూడా ఉంది. కాక్టస్ కణంలో మామూలుగా 22 క్రోమోజోములు, అంటే వంశలక్షణాలు మోసే పోగులు ఉంటాయి. తెల్ల గుజ్జు డ్రాగన్ ఫ్రూట్‌కు 22. పసుపు తొక్క డ్రాగన్‌కు 44. మెక్సికోలో వేల ఏళ్లుగా పెంచుతున్న తినే నాగజెముడుకైతే 88. సంకరం జరిగి, పోగులు రెట్టింపై, మళ్లీ రెట్టింపై వచ్చిన మొక్క అది. ప్రకృతి, రైతు ఇద్దరూ కలిసి చేసిన హైబ్రిడ్ అనుకోవచ్చు.

దీంట్లో రైతుకు పనికొచ్చే విషయం ఏమంటే, అన్ని సంకరాలూ లాభసాటి కావు. 22 పోగుల తెల్లదాన్నీ 44 పోగుల పసుపుదాన్నీ కలిపితే బిడ్డకు 33 వస్తాయి. బేసి లెక్క. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు సంతానం లేనట్టే ఇలాంటి మొక్కలో గింజ సరిగా పట్టదు. డ్రాగన్ పండులో గింజలు ఎన్ని ఎక్కువ పడితే కాయ అంత బరువు తూగుతుంది. గింజ తగ్గితే కాయ చిన్నబోతుంది. అలాగని తెల్ల, ఎర్ర రకాల సంకరాలను తీసిపారేయడానికి వీల్లేదు. రెండింటికీ 22 పోగులే కాబట్టి కలయిక బాగానే కుదురుతుంది. వియత్నాంలోని దక్షిణ పండ్ల పరిశోధనా సంస్థవారు అలా కలిపి లాంగ్ దిన్ 1 అనే రకం తెచ్చారు. కనుక 'హైబ్రిడ్' అన్న ఒక్క మాటలో మంచీ లేదు, చెడూ లేదు. ఎవరికి ఎవరు పుట్టారన్న దాంట్లోనే ఉంది అంతా.

పేరు మార్పిడి పుస్తకాల్లోనూ జరిగింది. డ్రాగన్ ఫ్రూట్‌ను చాలాకాలం హైలోసీరియస్ అన్నారు. 2017లో వంశవృక్షం మళ్లీ పరిశీలించి సెలెనిసీరియస్ అనే ప్రజాతిలో కలిపారు. కాబట్టి ఎవరైనా రెండు శాస్త్రీయ నామాలు చెప్పి రెండు వేర్వేరు మొక్కలంటే నమ్మనక్కర్లేదు. తెల్లగుజ్జు రకం అప్పుడూ అండేటస్సే, ఇప్పుడూ అండేటస్సే.

వెయ్యి మొక్కలున్నా ఒక్క మొక్కే

ఇక అసలు నష్టం దగ్గరికి వద్దాం. మనలో సగోత్రీకులకు పెళ్లి చెయ్యరు. ఎర్ర గుజ్జు డ్రాగన్ జాతుల్లో చాలావాటికి ఈ పట్టింపు గట్టిగా ఉంది. తన పుప్పొడి తన కీలాగ్రం మీద పడితే దాన్ని లోపలికి రానివ్వదు. పూవు మర్నాటికి వాడి, నాలుగైదు రోజుల్లో పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1990లలోనే పరీక్షలు చేసి ఈ సంగతి రాసిపెట్టారు. తెల్ల గుజ్జు రకానికి ఈ పట్టింపు లేదు. కానీ దాని కీలాగ్రం కేసరాలకంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఈగో, చెయ్యో తగిలితేనే పుప్పొడి బాగా అంటుతుంది.

ఇప్పుడు దీన్ని నర్సరీ పద్ధతితో కలిపి చూడండి. డ్రాగన్ మొక్కలు గింజతో పెంచరు, కొమ్మ ముక్కతో పెంచుతారు. ఒక తల్లి నుంచి తీసిన కొమ్మలన్నీ అచ్చంగా ఆ తల్లే. అక్కాచెల్లెళ్లు కూడా కావు. ఎకరంలో 1,800 మొక్కలు నిలబడి ఉన్నా, అన్నీ ఒకే తల్లి కొమ్మలైతే పుప్పొడి లెక్కలో అది ఒక్క మొక్కే. పక్క స్తంభం పుప్పొడి తెచ్చి పూసినా సగోత్రమే. తోట నిండా పూలు, చెట్టుకు కాయలు లేవు. అప్పుడు రైతు ఎరువు తక్కువైందనుకుంటాడు, మందు కొడతాడు, హార్మోను కొడతాడు. దుకాణం బాకీ పెరుగుతుంది గానీ పిందె నిలవదు.

ఈమధ్య కృష్ణ అవతల ఊళ్లో ఒక పెద్దాయన తోటలో సరిగ్గా ఇదే చూశాను.

'పూలు చూస్తే పెళ్లిపందిరిలా ఉంటయ్యి అబ్బాయ్, కాయలే లేవు. మూడు రకాల మందులు కొట్టా' అన్నాడాయన.

'మొక్కలు ఎన్ని రకాలు పెట్టావు బాబాయ్?' అంటే, 'ఒకటే రకం. అదే మంచిదన్నారుగా!' అన్నాడు.

'ఏ జాతో చెప్పారా?'

'హైబ్రిడ్ అన్నారు. ఇంకేం చెబుతారు?'

ఆయనకు కావలసింది నాలుగో మందు కాదు. వేరే జాతివి ఓ ముప్పై నలభై మొక్కలు తోటలో అక్కడక్కడా పెట్టుకుని, ఆ పుప్పొడి తీసి ఈ పూలకు పూయడం. డ్రాగన్ పూవు చీకటి పడ్డాక విచ్చుకుని, మర్నాడు పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. తెల్లవారుజామున తేనెటీగలు కొంత పని చేస్తాయి. మిగతాది మనమే చెయ్యాలి. రాత్రి ఎనిమిది తొమ్మిది నుంచి తెల్లవారేలోపు వేరే జాతి పూవు పుప్పొడిని గిన్నెలోకి దులిపి, మెత్తటి కుంచెతో కీలాగ్రానికి పూస్తే పట్టిన కాయ నెల, ముప్పై అయిదు రోజుల్లో కోతకొస్తుంది. ఇంట్లో ఇద్దరుంటే అరెకరం చూసుకోవచ్చు. ఈ చిన్న సంగతి మొక్కలమ్మిన రోజున చెప్పి ఉంటే ఆ పెద్దాయనకు ఒక ఏడాది పంట దక్కేది.

ఇంకొక మాట. మొక్కజొన్నలో, పత్తిలో హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాలన్నది నిజం. దాని గింజ మళ్లీ వేస్తే రకరకాలుగా మొలుస్తుంది. కొమ్మతో పెరిగే మొక్కకు ఆ బాధ లేదు. మంచి హైబ్రిడ్ ఒక్క మొక్క మన దగ్గరుంటే దాని కొమ్మలన్నీ అదే హైబ్రిడ్. తోట పెంచుకోవడానికి ప్రతిసారీ కొనక్కర్లేదు. అదే గింజతో మొలిపించిన మొక్కలు ఎవరైనా చవగ్గా అంటగడితే మాత్రం వద్దనండి. అవి తల్లిలా ఉండవు, కాపుకు రావడానికీ ఏళ్లు పడుతుంది.

ముళ్లు గీకి అమ్మిన కథ

ఈ రకం వ్యాపారం మనతో మొదలు కాలేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో లూథర్ బర్బ్యాంక్ అనే పేరుమోసిన మొక్కల పెంపకందారు ఉండేవాడు. ముల్లులేని నాగజెముడు తయారు చేస్తే ఎడారిలో పశువులకు మేత దొరుకుతుందని ఏళ్ల తరబడి రకరకాల జాతులను కలిపాడు. 1907లో కొత్త జెముళ్ల జాబితా అచ్చు వేశాడు. జనం ఎగబడ్డారు. ఒక్కొక్క మట్టకు పెద్ద ధర పలికింది. 1912లో ఆయన పేరు మీద కంపెనీ పెట్టారు. కొన్నేళ్లకే అది దివాలా తీసింది. ఆర్డర్లు ఎక్కువై సరుకు చాలక మామూలు ముళ్ల జెముడుకే ఇనుప బ్రష్షుతో ముళ్లు గీకి అమ్మారని అప్పట్లో చెప్పుకున్నారు. నాటిన వాళ్ల పొలంలో కొత్త మట్ట ముళ్లతో మొలిచింది.

అసలు మొక్క దొరికిన వాళ్లకూ పూర్తిగా సుఖం లేదు. ముల్లు మొక్కకు కంచె. ముల్లు తీసేస్తే మనం కంచె కట్టాలి, లేకపోతే పశువులు మొదలంటా తినేస్తాయి. బాగా పెరగాలంటే కాస్త నీరూ కావాలి. ఎడారిలో ఊరికే పెరుగుతుందన్న ప్రచారం ఒకటి, పొలంలో నిజం ఒకటి. మొక్కలో గుణం ఉన్నా, అమ్మేటప్పుడు సగమే చెబితే కొన్నవాడికి మిగిలేది నష్టమే.

ఇప్పుడు మన దేశంలోనూ ముల్లులేని నాగజెముడును మెట్ట భూముల్లో మేతగా పెంచే ప్రయత్నం జరుగుతోంది. జోధ్‌పూర్, ఝాన్సీ పరిశోధనా కేంద్రాలు పని చేస్తున్నాయి. మేకలు, గొర్రెలున్నవారికి ఎండాకాలంలో ఆసరా అవుతుంది. అయితే అందులో తొంభై పాళ్లు నీరే, మాంసకృత్తులు తక్కువ. ఎండుమేత కలిపి పెట్టాలి. దీన్ని కూడా ఎవరైనా 'అద్భుత హైబ్రిడ్' అంటూ ఊళ్లోకి తెస్తే బర్బ్యాంక్ కథ గుర్తుపెట్టుకోండి.

పురుగుకు తెలిసిన తేడా దొరలకు తెలియలేదు

మన గడ్డ మీద జరిగిన కథ ఇంకా గట్టిది. ఎర్రరంగు కోసం కోచినీల్ అనే పురుగును మెక్సికోలో నాగజెముడు మీద పెంచేవారు. ఆ రంగు వ్యాపారమంతా స్పెయిన్ చేతిలో ఉండేది. మంగళగిరి నేతన్నలకు రంగు విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ లాభం తమకూ కావాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. మద్రాసులో డాక్టర్ జేమ్స్ అండర్సన్ సైదాపేట ప్రాంతంలో జెముడు తోటే వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగు వచ్చింది. అసలు పురుగే వచ్చిందనుకున్నారు. వచ్చింది దాని దాయాది. దాని రంగు నాసి.

రంగు రాలేదు గానీ ఆ పురుగు ఒక రకం జెముడును దేశంలో చాలాచోట్ల తుడిచిపెట్టింది. అది ఒంటిముల్లు జెముడు. పక్కనే ఉన్న మన మామూలు నాగజెముడును మాత్రం ముట్టలేదు. చూపుకు రెండూ జెముడే. పురుగుకు తేడా తెలిసింది, మనుషులకు తెలియలేదు. నాగజెముడు బీళ్లలో, డొంకల్లో, గట్ల మీద అల్లుకుపోయింది. నరికితే నరికిన ముక్క వేరు పోసుకుని మళ్లీ మొలిచేది. చివరికి 1926లో సరైన దాయాది పురుగును, అంటే నాగజెముడునే తినే కోచినీల్‌ను, శ్రీలంక నుంచి మద్రాసు రాష్ట్రానికి తెచ్చి వదిలారు. మన గుంటూరు, కృష్ణా జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. కొద్ది ఏళ్లలోనే దక్షిణాదిలో నాగజెముడు పొదలు కూలిపోయాయి. ఇప్పటికీ రైలు కట్టల పక్కన మిగిలిన మొక్కల మీద తెల్ల దూదిలాంటిది కనిపిస్తే గోటితో నలిపి చూడండి, వేలు ఎర్రబడుతుంది. ఆ పురుగు సంతతే అది.

దీన్నుంచి నేర్చుకోవలసినవి రెండున్నాయి. జాతి తెలియకుండా చేసిన పని ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరన్నది మొదటిది. మట్ట విరిగి, ముక్కలు నాటుకుని పాకే మొక్క బలమూ బలహీనతా ఒకటేనన్నది రెండోది. ఒకే తల్లి కొమ్మలతో నిండిన చోటికి దానికి సరిపడే తెగులో, పురుగో వచ్చిందంటే ఆపేందుకు మధ్యలో వేరే మొక్క ఉండదు. నాగజెముడు పోయినందుకు మనం సంతోషించాం. డ్రాగన్ తోట అలా పోతే ఎవరు సంతోషిస్తారు? కాండం మీద గోధుమరంగు మచ్చలు లేచి కుళ్లే తెగులు డ్రాగన్ పండించే దేశాలను ఇప్పటికే వేధిస్తోంది. రోగం ఉన్న తల్లి నుంచి తీసిన కొమ్మ రోగాన్ని కూడా వెంట తెస్తుంది.

పల్లపు పొలానికి ఈ పంట ఎందుకు?

మన ప్రాంతం సంగతి వేరుగా చెప్పాలి. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. అప్పటినుంచి ఈ నేల నీటికి అలవాటుపడింది. కాలవ కింది నల్లరేగడి వరికి, పసుపుకు తల్లిలాంటిది. రాళ్ల సందుల్లో, చెట్ల మీద పాకడం నేర్చుకున్న డ్రాగన్ వేళ్లకు మాత్రం అది ఊపిరాడని చోటు. వేళ్లు పైపైనే ఉంటాయి. నీరు రెండు మూడు రోజులు నిలిస్తే మొదలు కుళ్లు మొదలవుతుంది. మంగళగిరి చుట్టుపక్కల కొండవీటి వాగు ముంపు ఎలా ఉంటుందో తెలియని రైతు లేడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ ఏమైందో కూడా చూశాం. కొండ వారన మెరక నేలలు, నీరు జారే ఎర్ర నేలలు ఉంటే ఆలోచించవచ్చు. పల్లంలో పెట్టదలచుకుంటే ఎత్తు బోదెలు పోసి, మురుగు కాలవ తీయకుండా మొక్క దించొద్దు.

కౌలు రైతులకు ఒక హెచ్చరిక. ఏడాది కౌలు కాగితం కూడా లేని పొలంలో ఇరవై ఏళ్ల స్తంభాలు పాతడం ఎవరి చెట్టుకో మన నీరు పొయ్యడమే. సొంతం ఇరవై సెంట్లున్నా అందులో పది స్తంభాలతో మొదలుపెట్టడం మేలు.

కొనేముందు అడగాల్సినవి

అమ్మేవాళ్లు ఒక మాట అంటారు: 'పండు ఎర్రగా, తియ్యగా ఉంటే చాలదా, కులగోత్రాలెందుకు?' అని. తినేవాడికి చాలు. పండించేవాడికి చాలదు. నిజాయితీగా మొక్కలు పెంచే నర్సరీలు లేకపోలేదు. ఈ ప్రశ్నలు అడిగితే వాళ్లకేమీ ఇబ్బంది లేదు, పైగా వాళ్లకే మంచి పేరు.

ఒకటి, ఈ కొమ్మ ఏ జాతిది? సంకరమైతే తల్లిదండ్రులేవి?

రెండు, దాని పుప్పొడితో దానికే కాయ పడుతుందా? పడకపోతే తోడుగా ఏ రకం పెట్టాలి? రెండూ ఒకే రాత్రుల్లో పూస్తాయా?

మూడు, కొమ్మలు తీసిన తల్లి మొక్క ఎక్కడుంది? కాపులో ఉండగా చూపిస్తారా? కాపు చూడని తల్లి కొమ్మ కొనవద్దు.

నాలుగు, ఇదంతా బిల్లు మీద రాసి, ముద్ర వేసి ఇస్తారా?

నాలుగో ప్రశ్నకు ముఖం చిట్లిస్తే మొదటి మూడింటికి చెప్పిన జవాబులకు విలువ లేదు. బిల్లు ఎందుకు ముఖ్యమంటే, నాసి విత్తనాలతో నష్టపోయిన మన తెలుగు రైతులు వినియోగదారుల ఫోరానికి వెళ్లిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసు తీర్పులో, రైతు కూడా వినియోగదారుడే, ఫోరానికి వెళ్లే హక్కు అతనికుందని కోర్టు స్పష్టంగా చెప్పింది. హక్కు ఉంది. బిల్లు లేకపోతే ఆ హక్కు చేతిలో బియ్యం లేని ఎసరు లాంటిది.

ప్రభుత్వం చేయాల్సింది

ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే ఉద్యాన నర్సరీల నియంత్రణకు చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, మొక్క చీటీ మీద కనిపించాలి. డ్రాగన్ కొమ్మల మీద జాతి, తల్లిదండ్రులు, స్వపరాగసంపర్కం జరుగుతుందా లేదా అన్న మూడు వివరాలు తప్పనిసరి చేస్తే ఖర్చేమీ కాదు. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం బజార్లో తిరుగుతున్న రకాల కొమ్మలు తెప్పించి, జన్యుపరీక్షతో ఏ పేరు దేనికి మారుపేరో తేల్చి, తెలుగులో ఒక జాబితా వేయాలి. ఒకే మొక్క నాలుగు పేర్లతో అమ్ముడవుతోందా, నాలుగు మొక్కలు ఒకే పేరుతో అమ్ముడవుతున్నాయా అన్నది అప్పుడే బయటపడుతుంది. ఆ జాబితా ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండాలి. రాయితీ ఇచ్చే ముందు స్తంభాలు లెక్కపెట్టే అధికారులు, తోటలో ఎన్ని జాతులున్నాయో కూడా లెక్కపెట్టాలి. ఒకే తల్లి కొమ్మలతో నిండిన ఎర్రరకం తోటకు రాయితీ ఇవ్వడమంటే ప్రభుత్వమే డబ్బిచ్చి రైతును ముంచినట్టు.

రైతు సోదరులు కూడా ఒక పని చేయొచ్చు. ఊళ్లో అయిదారుగురు కలిసి ఒక్కొక్కరు ఒక్కొక్క రకం నాలుగైదు స్తంభాలు పెట్టండి. పూత కాలంలో పుప్పొడి ఇచ్చిపుచ్చుకోండి. ఏ రకానికి ఏ రకం పుప్పొడి పూస్తే కాయ ఎంత బరువు తూగిందో నోటుపుస్తకంలో రాసుకోండి. రెండు కాపులు చూశాక మన నేలకు ఏది నిలుస్తుందో మనకే తెలుస్తుంది. అప్పుడు ఆ మొక్క కొమ్మలే తీసుకుని ఎకరం వేసుకోవచ్చు, ఎవరికీ మొక్కకింతని పొయ్యనక్కర్లేదు. అంతదాకా తల్లి పేరు చెప్పలేని కొమ్మను ఊళ్లోకి రానివ్వకండి.